రంగు తీసుకెళ్లారు, పేరు వదిలేశారు

మీ చేతిలో ఉన్నది కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఒక పని చేసి చూడండి. వాల్‌పేపర్‌గా పిల్లల ఫోటోనో, నానీ పాత చీర ఫోటోనో పెట్టండి. చాలా ఫోన్లలో బటన్లు, గడియారం, మెనూ అన్నీ ఆ ఫోటోలోని రంగుల్లోకి మారిపోతాయి. 2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చిన సదుపాయం ఇది. ఇలా ఒక తస్వీర్‌లోంచి ముఖ్యమైన రంగులు ఏరి వరసలో పెట్టడాన్ని డిజైన్ పనిలో ఉన్నవాళ్లు ప్యాలెట్ తీయడం అంటారు. షాదీ కార్డులు వేసేవాళ్లూ, చీరల షాపు బోర్డు చేసేవాళ్లూ, పత్రికలో పేజీలు పెట్టేవాళ్లూ రోజూ చేసే పనే.

మా ఆఫీసులో పేజీలు పెట్టే కుర్రాడు మొన్న ఒక కలంకారీ గుడ్డ ఫోటోలోంచి ఐదు రంగులు లాగాడు. ఎరుపు, నలుపు, నీలం, లేత పసుపు, గుడ్డ రంగు. "హో గయా భాయ్" అన్నాడు. అర నిమిషం పట్టలేదు.

ఆ ఐదు రంగుల కోసమే ఒకప్పుడు మనుషులు సముద్రాలు దాటి వచ్చారు. ఏళ్ల తరబడి కూర్చుని చూశారు, రాసుకున్నారు, కత్తిరించుకున్నారు. మన తీరం నుంచి రంగును తీసుకెళ్లిన ఆ తారీఖ్ మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ ఏం తీసుకెళ్లారు, ఏం వదిలేశారు? ఈ సవాల్‌కు జవాబు తెలిస్తే ఇవాళ మనం చేసే అర నిమిషం పనిని కూడా కాస్త వేరే నజర్‌తో చూస్తాం.

పేరులోనే పుట్టుక

లోకంలోంచి రంగును మొదట బయటికి తీసింది జబాన్. ఉర్దూ మీడియంలో చదివిన నాకు చిన్నప్పుడు వచ్చిన రంగుల పేర్లు చూడండి. ఫిరోజా రాయి నుంచి ఫిరోజీ. కంటికి పెట్టుకునే సుర్మా నుంచి సుర్మయీ. ఉల్లిపాయ పొర నుంచి ప్యాజీ. బాదామీ, అంగూరీ, జామునీ ఎక్కడివో చెప్పక్కర్లేదు. లేత వరిచేను నుంచి ధానీ. యునానీ హకీములు జోషాందాలో వేసే ఎర్రటి ఉన్నాబ్ పండు నుంచి ఉన్నాబీ. కాస్నీ పువ్వు నుంచి కాసనీ. ఖాక్ అంటే మట్టి, దాని నుంచి ఖాకీ.

తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక చూస్తే ఇక్కడా అదే రివాజ్. చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు, మామిడిచిగురు, గచ్చకాయ రంగు, ముక్కుపొడి రంగు. పేరు పలకగానే వస్తువు కళ్ల ముందుకొస్తుంది. రంగు ఒంటరిగా రాదు, చెట్టునో పిట్టనో రాయినో వెంటబెట్టుకుని వస్తుంది. ఊదా, గులాబీ, ఖాకీ అయితే ఉర్దూ నుంచి తెలుగింట్లోకి వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని పరాయి మాటలని ఎవరూ అనుకోరు.

మా అమ్మీ దుపట్టాకు రంగు వేయించడానికి నన్ను పంపేటప్పుడు "ధానీ అని చెప్పు, అంగూరీ కాదు" అని రెండుసార్లు చెప్పేది. రెండూ లేత ఆకుపచ్చలే. అయినా రంగ్రేజ్ ఎప్పుడూ పొరపాటు పడలేదు. చేతికి గుడ్డముక్క ఇచ్చి పంపాల్సిన అవసరమే ఉండేది కాదు. పేరే నమూనా.

చిరివేరు హునర్

ఇప్పుడు బందరు వెళ్దాం. మచిలీపట్నాన్ని మన బుజుర్గులు ఇప్పటికీ బందరనే అంటారు. ఫార్సీలో బందర్ అంటే రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్‌కు సరుకు వెళ్లిన రేవు ఇది. 1605లో డచ్చివాళ్లు, 1611లో అంగ్రేజులు ఇక్కడ కొఠీలు పెట్టారు. వాళ్లను లాక్కొచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది బట్ట. కలం, కారీ అనే రెండు మాటలు కలిసి కలంకారీ అయింది, అంటే కలంతో చేసే పని. ఈ పూలగుడ్డనే ఉత్తరాదిన ఛీంట్ అన్నారు, తెలుగులో చీటి అన్నారు, అంగ్రేజుల నోట్లో అది చింట్జ్ అయింది.

ఈ బట్టలోని ఎరుపుకు మూలం చిరివేరు. తీరం వెంబడి ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. కృష్ణా డెల్టా చిరివేరుకు పెద్ద పేరు. కానీ వేరు నూరి బట్టకు పూస్తే ఎరుపు నిలవదు. అక్కడే కారీగర్ల హునర్ ఉంది.

ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టిన చోట గీత పాకకుండా ఆగుతుంది. పాత ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టి, ఆ నీటితో గీతలు గీస్తారు. కరక్కాయ పట్టిన బట్టకు అది తగలగానే నల్లగా మారుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పెడతారు. పటిక నీళ్లకు రంగు లేదు. ఎక్కడ పెట్టారో కంటికి ఆనడానికి అందులో కాస్త ఏదో ఒక రంగు కలుపుకుంటారు. అప్పటికి బట్ట మీద ఎరుపు ఆనవాలే లేదు. తర్వాత బట్టను చిరివేరు వేసి ఉడికిస్తారు. పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన మరక ఉతుకుల్లో, ఎండలో పోతుంది. పటికలో కాస్త ఇనుము నీళ్లు కలిపారా, అదే వేరు ఊదా రంగు ఇస్తుంది. నీలం కావాలంటే మిగతా బట్టంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఆకులు ఆకుపచ్చగా రావాలంటే నీలం మీద పసుపు పూయాలి.

ఒక వేరు, ఒక ఆకు, ఒక కాయ, పాత ఇనుము, పటిక. బందరు కారీగర్ ఖజానా ఇంతే. రంగుల డబ్బాలు లేవు. అతని దృష్టిలో రంగు అంటే ఒకదాని తర్వాత ఒకటి జరిగే పని. బట్ట మీద మనకు కనిపించేది ఆ పని ముగిశాక మిగిలింది.

అడిగి రాసుకున్నవాళ్లు

ఈ గుడ్డ యూరప్‌లో ఎంత మోజు పుట్టించిందంటే, సొంత పరిశ్రమలను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండ్ కూడా 1700 నాటి చట్టంతో దిగుమతిని అడ్డుకుంది, 1721 చట్టంతో వాడకాన్నీ చాలావరకు ఆపింది. గుడ్డను ఆపడం తేలికే, కానీ దాని వెనకున్న ఇల్మ్ లేకుండా అలాంటి గుడ్డ తామే చేసుకోవడం ఎలా? యూరప్ అద్దకాలు ఉతికితే వెలిసిపోయేవి. మన రంగు ఉతికేకొద్దీ తేటపడేది. ఆ రహస్యం కావాలి.

1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో ఒక గుడ్డ పని మొదలు నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాడు. చూడమని కోరింది దూఫే అనే రసాయన శాస్త్రవేత్త. ఒక్కో దశ పూర్తి కాగానే బోల్యూ ఒక ముక్క కత్తిరించి కాగితానికి అంటించాడు, పక్కన ఏం చేశారో రాశాడు. మొత్తం 11 ముక్కలు. ఆ కాగితాలు ఇప్పటికీ పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

1742లో కూర్దూ అనే జెసూట్ పాద్రీ ఇదే విషయం మీద ఫ్రాన్స్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూర్చిన మనిషి, సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో చుట్టరికం ఉందని 1767లోనే చెప్పినవాడు. అతనికి అద్దకం సంగతులు చెప్పింది కొత్తగా క్రైస్తవం తీసుకున్న అద్దకపువాళ్లు. వాళ్లు ఫలానా అని పేర్లు మాత్రం ఉత్తరంలో లేవు.

ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. వీళ్లిద్దరూ ఓపిగ్గా అడిగారు, చూశారు, ప్రతి అడుగూ రాశారు. దాదాపు 300 ఏళ్ల కిందటి పని ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుస్తోందంటే వాళ్ల కాగితాల చలవ కూడా ఉంది. రంగుతో పాటు దాని తరీకానూ తీసుకెళ్లారు. ఆ తరీకా ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి పేరు మాత్రం ఒడ్డునే వదిలేశారు.

కత్తెర కింద పగిడీ

నూరేళ్లు దాటాక వచ్చిన వ్యవహారం వేరు. అప్పటికి హుకూమత్ అంగ్రేజులది. మిల్లులూ వాళ్లవే. కొనాల్సింది మనం. జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి లండన్‌లోని ఇండియా మ్యూజియంలో హిందుస్తానీ సరుకుల వ్యవహారం చూసేవాడు. అక్కడున్న బట్టలను కత్తెరతో ముక్కలు చేయించి 1866లో 18 సంపుటాలు తయారు చేయించాడు. అందులో 700 నమూనాలు. ఇలాంటి సెట్లు 20. లెక్క కడితే 14,000 ముక్కలు. 13 సెట్లు బ్రిటన్‌లో పంచాలని, 7 హిందుస్తాన్‌లో ఉంచాలని ఏర్పాటు.

ఎందుకీ శ్రమ? ఆయన దాచలేదు. ఇక్కడి జనం ఏ రంగు, ఏ అంచు, ఎంత పొడుగు ఇష్టపడతారో మిల్లులవాళ్లకు తెలియాలి. తెలిస్తే అచ్చం అలాంటిదే అక్కడ చేసి ఇక్కడ అమ్మొచ్చు. నమూనాల పక్కన పొడుగు, వెడల్పు, బరువు, ధర, ఏ ఊరిది అన్న వివరాలు రాశారు. నేసినవాడూ అద్దినవాడూ ఆ లెక్కలోకి రాలేదు.

పగిడీ తలకు చుట్టుకుంటే ఇజ్జత్. ముక్క చేసి అట్టకు అంటిస్తే నమూనా. డిజైన్ పనిలో మనం ఇవాళ ప్యాలెట్ అంటున్నదానికి ఆ సంపుటాలను తాతలనవచ్చు. వస్తువును పక్కన పెట్టి, దాని రూపాన్ని మాత్రం విడదీసి, ఎవరికైనా ఎక్కడైనా పనికొచ్చేలా వరసలో పెట్టడం అక్కడ అంత పెద్దయెత్తున జరిగింది. ఆ సంపుటాలే ఇప్పుడు బట్టల చరిత్ర చదివేవాళ్లకు ఖజానా అయ్యాయన్నదీ నిజమే.

వాట్సన్ పుస్తకాలు వచ్చిన రెండు మూడేళ్లకే మరో దెబ్బ పడింది. గ్రేబె, లీబెర్మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థంతో అలిజరిన్ చేశారు. మన చిరివేరులో ఎరుపునిచ్చేది కూడా అదే అలిజరిన్. 1897 నాటికి నీలిమందుకూ ఫ్యాక్టరీ సరుకు బజారులోకి వచ్చింది. ఎరుపు ఎరుపుగానే ఉంది, నీలం నీలంగానే ఉంది. కానీ వేరు తవ్వే చేతులకూ, నీలి పండించే చేలకూ దానితో ఉన్న రిష్తా తెగిపోయింది.

కంప్యూటర్ పంచాయతీ

1902లో ఎమిలీ నోయెస్ వాండర్‌పోయెల్ అనే అమెరికన్ కళాకారిణి రంగుల మీద ఒక కితాబ్ అచ్చువేసింది. పాత వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తూ, అడ్డం పది నిలువు పది గళ్లు గీసి, ఏ రంగు ఎంత పాళ్లలో ఉందో ఆ గళ్లలో నింపింది. ఇవాళ సాఫ్ట్‌వేర్ చేసే పనిని కంటితో, కుంచెతో చేసింది.

యంత్రానికి ఈ పని ఒక ఇబ్బంది వల్ల వచ్చింది. 1980ల మొదట్లో చాలా కంప్యూటర్ తెరలు ఒకేసారి 256 రంగులకు మించి చూపలేకపోయేవి. ఫోటోలో ఉండగల రంగులేమో కోటీ 67 లక్షల పైమాట. వాటిలో ఏ 256ను ఏరుకోవాలి? 1982లో పాల్ హెక్‌బర్ట్ ప్రచురించిన పద్ధతి ఒక దారి చూపింది. దాని పేరు మీడియన్ కట్.

పద్ధతి తేలికే. ఫోటోలోని ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఈ మూడింటినీ పొడుగు, వెడల్పు, ఎత్తు అనుకోండి. అప్పుడు ప్రతి చుక్కకూ ఒక పెట్టెలో ఒక చోటు దొరుకుతుంది. ఒకలాంటి రంగులు పక్కపక్కన చేరతాయి. ఆ పెట్టెను పొడుగ్గా ఉన్న వైపున, రెండు పక్కలా సమానంగా చుక్కలు వచ్చేలా కోయాలి. వచ్చిన పెట్టెలను మళ్లీ కోయాలి. కావలసినన్ని పెట్టెలయ్యాక ఒక్కో పెట్టెలోని రంగులకు సగటు కట్టాలి. ఆ సగటులే ప్యాలెట్. తర్వాత వేరే పద్ధతులూ వచ్చాయి, లెక్కలు మారాయి. దగ్గరి రంగులను గుంపు చేసి గుంపుకొకరిని నిలబెట్టడమే చాలావాటికి మూలం. 256 బదులు ఐదు అడుగుతున్నాం, అంతే.

ఇది తలలు లెక్కపెట్టే పంచాయతీ లాంటిది. బలం ఎక్కువున్నవాళ్లకే కుర్చీ. కలంకారీ ఫోటోలో ఎక్కువ చుక్కలు ఖాళీ గుడ్డవి. పులియబెట్టిన ఇనుప నీటితో గీసిన సన్నటి నల్లగీతే ఆ బట్టకు జాన్. చుక్కల లెక్కలో అది పక్కనున్న ఎరుపుతో కలిసిపోయి ఏదో గోధుమరంగుగా తేలవచ్చు. సగటు కట్టిన రంగు అసలు ఆ బట్ట మీద ఎక్కడా లేకపోవచ్చు కూడా.

ఇంకో తమాషా ఉంది. మ్యూజియాల్లో 18వ శతాబ్దపు మన చింట్జ్‌లు చూస్తే చాలావాటిలో ఆకులు నీలంగా కనిపిస్తాయి. కారీగర్ నీలి ఆకులు వేయలేదు. నీలం మీద పూసిన పసుపు తొందరగా వెలిసిపోయే రకం. పసుపు పోయింది, నీలం మిగిలింది. ఆ ఫోటోలోంచి ప్యాలెట్ తీసి "అస్లీ కోరమండల్ రంగులు" అని పేరు పెడితే అందులో ఆకుపచ్చే ఉండదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. ఇవాళ ఉన్నది చెప్పింది. ఒకప్పుడు ఏముండేదో దాన్ని మనం అడగలేదు, అడిగినా దానికి తెలియదు.

హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలకూ ఇదే మాట వర్తిస్తుంది. 1611 నాటి రంగు పెంకుల పని అది. ఆవపిండి పసుపు, ఫిరోజీ, ముదురు నీలం, ఆకుపచ్చ, తెలుపు. చిన్న చిన్న ముక్కలు కోసి, కొద్ది రంగులతోనే గోడంతా నింపారు. కంప్యూటర్‌కు 256 రంగుల ఇబ్బంది వచ్చినట్టే ఆ ఉస్తాదులకూ కొలిమిలో నిలిచే కొద్ది రంగులతోనే పని. 1908 మూసీ వరదలో కొన్ని చోట్ల పెంకులు పోయాయి. అలాంటి చోట్ల తర్వాత పెంకుల్లా కనిపించేలా రంగు వేశారు. మొత్తం గోడను ఒక్క ఫోటోలో తీసి రంగులు లాగితే కుతుబ్‌షాహీ కొలిమి రంగూ, వరద తర్వాతి పూతా కలిసి ఒకే వరసలో కూర్చుంటాయి. పైగా మన పోస్టర్ల మీద మనకు ఎప్పుడూ ఒక్క ఆకుపచ్చే అంటగడతారు కదా, ఆ గోడ ముందు నిలబడితే దానికి తోడుగా ఎన్ని రంగులున్నాయో కళ్లారా చూడొచ్చు.

కోడ్ పక్కన ఇంకో మాట

ఈ పని మానేయమని నేను చెప్పను. మన పిల్లలు చాలామంది డిజైన్‌లో రోజీ చూసుకుంటున్నారు, వాళ్ల చేతికి ఇది మంచి ఔజార్. తీసుకునే పద్ధతిలో మాత్రం ఫ్రెంచివాళ్ల ఓపిక కొంత ఉండాలి, వాట్సన్ కత్తెర ఉండకూడదు.

ఫోటోను ట్యూబ్‌లైట్ కింద తీయకండి. పగటి నీడలో తీయండి, పక్కన తెల్లకాగితం పెట్టండి. దాన్ని చూసి తర్వాత తెలుపు సరిచేసుకోవచ్చు. యంత్రం ఇచ్చిన ఐదింటితో ఆగకుండా సన్నగీతల మీద మీరే చుక్క పెట్టి ఆ రంగు కూడా తీయండి. పాత బట్ట అయితే ఏ రంగు వెలిసిపోయి ఉండొచ్చో తెలిసినవాళ్లను అడగండి. బందరు కలంకారీ ఇవాళ ఎక్కువగా పక్కనున్న పెడనలో, చెక్క అచ్చులతో జరుగుతోంది. ఆ గుడ్డ నుంచి రంగులు తీసి మీ పనిలో వాడితే ఊరి పేరు రాయండి. అద్దినవాళ్లు తెలిస్తే వాళ్ల పేరూ రాయండి. నిండా ఒక లైను కూడా పట్టదు.

ఇంకొకటి. ఐదు రంగులు తీశాక ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా చూపించి, వీటిని ఏమంటారని అడగండి. కంప్యూటర్ ఇచ్చే ఆరు అక్షరాల కోడ్ ఏ దేశంలోనైనా ఒకటే, అది దాని బలం. కానీ ఆ రంగు ఉల్లిపాయ పొరదో, లేత వరిచేనుదో అది చెప్పలేదు. వాళ్లు ప్యాజీ అంటారు, ధానీ అంటారు, గచ్చకాయ అంటారు. ఒక్కోసారి ఇద్దరు పెద్దలు ఒకే రంగుకు రెండు పేర్లు చెప్పి కాసేపు బహస్ చేసుకుంటారు. చేసుకోనివ్వండి. రెండు పేర్లూ కోడ్ పక్కనే రాసి ఉంచండి.